మంచు వాలు మీద తలకు రక్షణ - స్కీయింగ్ హెల్మెట్‌ను ఎంచుకోవడం ఎలా?



"మన జిల్లాలో మంచు పడదు, వడగళ్ళు పడితేనే వింత. మనకు స్కీయింగ్ హెల్మెట్ పాఠం ఎందుకు?" అని మీలో కొందరు పేజీ తిప్పేయబోతుంటారు. ఒక్క నిమిషం ఆగండి. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడిన మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులే. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. భువనగిరి గుట్ట మీద రాళ్ళెక్కడం నేర్చుకుని, డార్జిలింగ్‌లోనూ లడఖ్‌లోనూ మంచు మీద శిక్షణ పొంది అంత ఎత్తుకు వెళ్ళారు. అందుచేత మంచు అనేది మనలాంటి వారికి సంబంధం లేని వస్తువని అనుకోవడానికి ఇక వీల్లేదు. ఎన్.సి.సి. ద్వారానో, సాహస క్రీడల శిబిరం ద్వారానో రేపు మీలో ఎవరికైనా ఆ అవకాశం రావచ్చును. అక్కడికి వెళ్ళాక ఒక గంపెడు హెల్మెట్లు ముందు పెట్టి "ఒకటి తీసుకో" అంటారు. ఏది తీసుకోవాలో తెలియనివాడు రంగు బాగున్నది తీసుకుంటాడు.

మన దేశంలో స్కీయింగ్‌కు పేరున్న చోట్లు రెండు మూడు ఉన్నాయి. కాశ్మీరులోని గుల్‌మార్గ్ వాటిలో మొదటిది. అక్కడ భారతీయ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. 2020లో మొదటి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు జరిగినదీ గుల్‌మార్గ్‌లోనే. ఉత్తరాఖండ్‌లో జోషీమఠ్ పైనున్న ఔలి, హిమాచల్‌లో మనాలి దగ్గరి సోలాంగ్ లోయ కూడా ప్రసిద్ధమైనవి. 2018లో టర్కీలో జరిగిన పోటీలో కాంస్య పతకం తెచ్చి, స్కీయింగ్‌లో మన దేశానికి తొలి అంతర్జాతీయ పతకం అందించిన ఆంచల్ ఠాకూర్ మనాలి ప్రాంతపు అమ్మాయే. రెండు కాళ్ళకు రెండు సన్నని పొడవాటి పలకలు కట్టుకుని జారితే స్కీయింగ్. రెండు కాళ్ళూ ఒకే వెడల్పు పలకకు బిగించుకుని పక్కవాటుగా జారితే స్నోబోర్డింగ్.

మంచు దూది కాదు

సినిమా పాటల్లో హీరో హీరోయిన్లు మంచులో దొర్లుతుంటే అది పరుపులా ఉంటుందని అనిపిస్తుంది. కొత్తగా కురిసిన మంచు మెత్తనిదే, కాదనను. కానీ జారే వాలును యంత్రాలతో తొక్కించి చదును చేస్తారు. పగలు ఎండకు పైపొర కరుగుతుంది, రాత్రి చలికి మళ్ళీ గడ్డ కడుతుంది. తెల్లవారేసరికి అది మన వరండాలోని సిమెంటు గచ్చుకు ఏమాత్రం తీసిపోదు. పైగా వాలు అంచున దేవదారు చెట్లు, మంచు కింద దాగిన రాళ్ళు, రోప్‌వే స్తంభాలు, అన్నిటికన్నా ఎక్కువగా మనలాగే జారుతున్న ఇతరులు ఉంటారు.

పడే తీరు కూడా ఇద్దరికీ ఒకటి కాదు. స్కీలు కట్టుకున్నవాడు ఎక్కువగా ముందుకో పక్కకో పడతాడు. స్నోబోర్డు మీద కొత్తగా నిలబడినవాడికి మడమ వైపు అంచు మంచులో దిగబడితే, కాళ్ళు రెండూ పలకకు బిగించి ఉంటాయి కనుక అడుగు వెనక్కి వేసి నిలదొక్కుకునే వీలుండదు. వెల్లకిలా పడి తల వెనుక భాగం నేలకు కొట్టుకుంటుంది. కాబట్టి స్నోబోర్డు నేర్చుకునేవారు హెల్మెట్ వెనుక వైపు ఎంత కిందికి దిగిందో ముఖ్యంగా చూడాలి.

హెల్మెట్ లోపల ఏం జరుగుతుంది?

హెల్మెట్ గట్టిగా ఉంటుంది కాబట్టి తలను కాపాడుతుందని చాలామంది అభిప్రాయం. ఇది సగం మాత్రమే నిజం. పైన ఉండే గట్టి పెంకు దెబ్బను ఒకచోట గుచ్చుకోకుండా నలువైపులకు పంచుతుంది, మొన తేలిన రాయి లోపలికి దిగకుండా ఆపుతుంది. అసలు పని చేసేది దాని కింద ఉన్న తెల్లని పొర. దాన్ని ఈపీఎస్ అంటారు. మనం సైన్స్ ఫెయిర్‌లో నమూనాలు తయారుచేసే థర్మాకోల్ కూడా ఇదే జాతి పదార్థం. కాకపోతే హెల్మెట్‌లో మరింత దట్టంగా ఒత్తి పోస్తారు. ఇది దెబ్బకు నలుగుతుంది. నలగడమే దాని ఉద్యోగం.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. వేగం వర్గం = 2 × త్వరణం × దూరం అనే సూత్రం మీకు తెలిసినదే. తల 1.5 మీటర్ల ఎత్తు నుంచి పడిందనుకోండి. నేలను తాకేటప్పుడు వేగం వర్గం 2 × 9.8 × 1.5 = 29.4 అవుతుంది. అంటే వేగం సెకనుకు 5.42 మీటర్లు, గంటకు సుమారు 19.5 కిలోమీటర్లు. ఇప్పుడు ఆ తల ఆగాలి. ఏ రక్షణా లేకుండా గట్టి నేలకు తగిలి 3 మిల్లీమీటర్ల దూరంలోనే ఆగిపోయిందనుకుంటే, సగటు ఋణత్వరణం 29.4 ÷ 0.006 = 4900. ఇది భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణానికి 500 రెట్లు. అదే హెల్మెట్‌లోని పొర నలుగుతూ 2 సెంటీమీటర్ల దూరం ఇచ్చిందనుకుంటే, 29.4 ÷ 0.04 = 735. అంటే 75 రెట్లే. పడిన ఎత్తు ఒకటే, వేగం ఒకటే. ఆగడానికి దొరికిన దూరం ఒక్కటే మారింది. ఇది సగటు లెక్క, దెబ్బ తగిలే క్షణంలో గరిష్ఠ విలువ దీనికన్నా ఎక్కువే ఉంటుంది. అయినా వేలెడు మందం కూడా లేని ఆ పొర చేసే మేలు ఎంతటిదో ఈ లెక్కలోనే తెలుస్తోంది.

పై లెక్కలో 1.5 మీటర్లు ఊరికే తీసుకోలేదు. ఐరోపా దేశాల స్కీ హెల్మెట్ ప్రమాణం ప్రకారం ప్రయోగశాలలో హెల్మెట్‌ను లోహపు తలకు తొడిగి ఇనుప దిమ్మె మీద వదిలే వేగం సెకనుకు 5.42 మీటర్లే. ఆ దెబ్బకు లోపలి తల పొందే ఋణత్వరణం 250 రెట్లు దాటకూడదు. అమెరికా ప్రమాణంలో చదునైన దిమ్మె మీదికి 2 మీటర్ల ఎత్తు నుంచి వదులుతారు, పరిమితి 300 రెట్లు.

ఇక్కడ ఒక విషయం శ్రద్ధగా గమనించండి. ఐరోపా పరీక్ష గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంలో జరుగుతోంది. కొంచెం అలవాటైనవారు వాలు మీద 40 కిలోమీటర్ల వేగంతో సులభంగా వెళతారు. వేగం రెట్టింపైతే గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ వేగంతో నేరుగా చెట్టును గుద్దుకోవడం రెండంతస్తుల మేడ మీద నుంచి తలకిందులుగా పడడంతో సమానం. అలాంటి దెబ్బను ఆపుతానని ఏ హెల్మెట్టూ మాట ఇవ్వలేదు. జారుతూ జారుతూ తూలిపడినప్పుడు తల నేలకు కొట్టుకునే వేగం మాత్రం ముందుకు పోయే వేగమంత ఉండదు, చాలావరకు పడిన ఎత్తును బట్టే ఉంటుంది. హెల్మెట్ బాగా అక్కరకు వచ్చేది అక్కడే. అదృష్టవశాత్తు ఎక్కువమంది పడేది కూడా అలాగే.

పరిశోధనలు కూడా దీన్నే చెబుతున్నాయి. నార్వేలోని స్కీ కేంద్రాలలో జరిపి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో హెల్మెట్ పెట్టుకున్నవారికి తలకు గాయమయ్యే అవకాశం 60 శాతం తక్కువగా కనిపించింది. అంతకు ముందు సంవత్సరం కెనడాలోని క్యూబెక్ నుంచి వచ్చిన అధ్యయనంలో ఇది 29 శాతం. అంకెలు వేరైనా రెండూ మేలు వైపే ఉన్నాయి. కారు పందేల వీరుడు మైఖేల్ షూమాకర్ 2013 డిసెంబర్ 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో గుర్తులు పెట్టిన దారి వదిలి వెళ్ళి, పడి రాయికి గుద్దుకున్నారు. తలకు హెల్మెట్ ఉంది. అయినా మెదడుకు తీవ్రమైన గాయమైంది. హెల్మెట్ లేకపోతే ఆసుపత్రి దాకా కూడా వచ్చేవారు కారని వైద్యులు అన్నారు. ఈ రెండు వాక్యాలనూ కలిపే చదువుకోవాలి.

ఇంకొక సంగతి. దెబ్బ ఎప్పుడూ నిటారుగా తగలదు. ఏటవాలుగా తగిలితే తల గిర్రున తిరుగుతుంది. పచ్చి గుడ్డును బల్ల మీద తిప్పి, వేలితో ఒక్క క్షణం ఆపి వదలండి. మళ్ళీ దానంతట అదే తిరుగుతుంది. పెంకు ఆగినా లోపలి సొన ఆగకపోవడమే దీనికి కారణం. (ఉడికించిన గుడ్డు అలా తిరగదు. మన హాస్టల్లో గుడ్డు పెట్టే రోజు వంటమనిషిని అడిగి ఒక పచ్చిగుడ్డు తీసుకుని చూడండి.) పుర్రె ఆగిపోయినా మెదడు తిరగబోవడం వల్ల లోపలి నరాల పోగులు సాగి దెబ్బతింటాయి. దీనికి స్టాక్‌హోంలో మెదడు శస్త్రచికిత్స నిపుణుడు హాన్స్ ఫాన్ హోల్స్ట్, పరిశోధకుడు పీటర్ హాల్డిన్ కలిసి ఒక ఉపాయం రూపొందించారు. హెల్మెట్ లోపల తలకు ఆనుకుని ఒక పలుచని జారుడు పొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది ఒక సెంటీమీటరు పైచిలుకు పక్కకు జరిగి ఆ తిప్పుడును కొంత తనలో కలుపుకుంటుంది. దీన్ని మిప్స్ అంటారు. చాలా హెల్మెట్లలో ఈ పొర పసుపుపచ్చగా కనిపిస్తుంది. దొరికితే మంచిదే. అయితే తలకు సరిపోని మిప్స్ హెల్మెట్ కన్నా సరిగ్గా సరిపోయిన మామూలు హెల్మెట్టే మేలని నా అభిప్రాయం.

లోపల రాసిన అంకె చదవండి

హెల్మెట్ చేతికి రాగానే తిరగేసి లోపలి చీటీ చూడండి. ఈఎన్ 1077 అని గానీ, ఏఎస్‌టీఎం ఎఫ్ 2040 అని గానీ ఉండాలి. మొదటిది ఐరోపా ప్రమాణం, రెండవది అమెరికాది. కేవలం సీఈ అనే రెండక్షరాలు చూసి తృప్తి పడకూడదు, పక్కన అంకె కావాలి. ఆ అంకెలోనూ మోసపోయే చోటుంది. ఈఎన్ 1078 అంటే సైకిలు హెల్మెట్. ఒక్క అంకె తేడా! అది పెద్ద గాలి రంధ్రాలతో వేసవికి తగినట్లు చేసినది, మొన తేలిన వస్తువు గుచ్చుకోకుండా స్కీ హెల్మెట్‌కు జరిపే పరీక్ష దానికి ఉండదు. ఈఎన్ 12492 అంటే పర్వతారోహకులది. అది ముఖ్యంగా పైనుంచి రాలిపడే రాళ్ళ కోసం తయారైనది. కొండ ఎక్కేటప్పుడు అదే సరైనది, జారేటప్పుడు కాదు. రెండు ప్రమాణాలూ కలిసి ఉన్నవి కూడా అమ్ముతారు, అప్పుడు రెండు అంకెలూ రాసి ఉంటాయి.

మోటారు సైకిలు హెల్మెట్ పెట్టుకుంటే పోలేదా అని అడగవచ్చు. ఐ.ఎస్.ఐ. గుర్తున్న మంచి హెల్మెట్ రోడ్డు మీద తప్పనిసరి. కానీ దాని బరువు సాధారణంగా కిలో దాటుతుంది, స్కీ హెల్మెట్ అర కిలోకు అటూ ఇటూ ఉంటుంది. రోజంతా ఒళ్ళు వంచి జారేవాడి మెడకు ఈ తేడా బాగా తెలుస్తుంది. పైగా చెవులు మూసుకుపోతాయి, పక్కచూపు తగ్గుతుంది, ఊపిరికి ముందు అద్దం మసకబారుతుంది.

ఈఎన్ 1077లో ఏ, బీ అని రెండు తరగతులున్నాయి. ఏ తరగతిలో గట్టి పెంకు చెవుల మీదికి కూడా దిగుతుంది. బీ తరగతిలో చెవుల దగ్గర మెత్తని గుడ్డ పట్టీలే ఉంటాయి. ఏ తరగతికి రక్షణ ఎక్కువ. బీ తేలిక, చెవులకు శబ్దం బాగా వినిపిస్తుంది. నేర్చుకునేవాడికి శిక్షకుడి కేక, వెనుక నుంచి వస్తున్నవాడి చప్పుడు వినపడడం అవసరం కనుక బీ తరగతి చాలు. పందేలకు వెళ్ళేవారి సంగతి వేరు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున పాల్గొన్న కాశ్మీరీ క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ పోటీపడిన స్లాలమ్‌లో అడుగడుగునా పాతిన కర్రలను ఒంటితో నెట్టుకుంటూ పోవాలి. అందుకు గడ్డం ముందు అడ్డుకమ్మీ కూడా బిగించుకుంటారు.

తలను బట్టి హెల్మెట్

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. ముందు తల కొలవండి. కనుబొమలకు సుమారు రెండు సెంటీమీటర్ల పైన, చెవులకు పైగా, వెనుక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోటు మీదుగా టైలరు టేపు చుట్టండి. టేపు లేకపోతే దారం చుట్టి దాన్ని స్కేలు మీద పెట్టండి. 56 సెంటీమీటర్లు వస్తే ఆ అంకె ఏ సైజులో ఉందో హెల్మెట్ లోపలే రాసి ఉంటుంది. ఒక కంపెనీ మీడియం మరొక కంపెనీ మీడియం కాదు, కాబట్టి అక్షరాన్ని నమ్మకుండా సెంటీమీటర్లను నమ్మండి.

కొలత సరిపోయినంత మాత్రాన పని అయిపోలేదు. తలలు అన్నీ ఒకే ఆకారంలో ఉండవు. కొందరిది గుండ్రని తల, కొందరిది ముందు నుంచి వెనుకకు కోల తల. కోల తలవాడు గుండ్రని హెల్మెట్ పెట్టుకుంటే నుదురు దగ్గర నొక్కుతుంది, చెవుల పైన వదులుగా ఉంటుంది. అలాంటప్పుడు ఇంకో సైజు వెతకడం వృథా, ఇంకో కంపెనీది వెతకాలి.

పెట్టుకున్నాక గడ్డం పట్టీ బిగించకుండానే తలను అటూ ఇటూ, పైకీ కిందికీ ఊపండి. హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం కదలాలి. హెల్మెట్ ఒక్కటే కదిలితే అది పెద్దది. వెనుక తిప్పే చక్రం ఉంటే దాన్ని బిగించి చూడవచ్చును. కానీ రెండు సైజులు పెద్దదాన్ని చక్రంతో సరిచేయాలనుకోవడం పెద్దన్న చొక్కాకు పిన్నీసు పెట్టుకోవడం లాంటిది. తరువాత పట్టీ బిగించండి. గడ్డం కింద ఒక వేలు దూరాలి, పిడికిలి దూరకూడదు. ఇప్పుడు నోరు బాగా తెరిచి ఆవలించండి. హెల్మెట్ నడినెత్తి మీద కొద్దిగా కిందికి లాగినట్లు అనిపించాలి. అనిపించకపోతే పట్టీ వదులు. చివరగా వెనుక అంచు పట్టుకుని ముందుకు దొర్లించబోండి, ముందు అంచు పట్టుకుని వెనక్కి నెట్టబోండి. ఊడి వస్తే అది హెల్మెట్ కాదు, టోపీ.

ముందు అంచు కనుబొమల పైన ఒకటి రెండు వేళ్ళ ఎత్తులో ఉండాలి. నుదురంతా కనిపించేలా వెనక్కి పెట్టుకోవడం మన కుర్రాళ్ళకు బండి మీద కూడా ఉన్న అలవాటే. అలా పెడితే సరిగ్గా దెబ్బ తగిలే చోటే ఖాళీగా ఉంటుంది. మంచులో ఎండ మెరుపుకు కళ్ళు దెబ్బతినకుండా గాగుల్స్ తప్పక పెడతారు కనుక, హెల్మెట్‌ను గాగుల్స్‌తో కలిపే పెట్టుకుని చూడాలి. రెంటికీ మధ్య సందు ఉంటే ఆ చల్లగాలికి నుదురు జివ్వుమంటుంది. హెల్మెట్ గాగుల్స్‌ను ముక్కు మీదికి నొక్కుతుంటే అదీ పనికిరాదు.

లోపల మంకీ క్యాప్ పెట్టుకోవద్దు. చలికి భయపడి చాలామంది చేసే పని ఇది. ఉన్ని టోపీ మీద హెల్మెట్ నిలవదు, జారుతుంది. హెల్మెట్ లోపలి మెత్త, చెవి పట్టీలు చాలావరకు వెచ్చదనం ఇస్తాయి. ఇంకా చలి అనిపిస్తే తలకు అతుక్కునే పలుచని గుడ్డ టోపీ చాలు. అమ్మాయిలు కొప్పు, ఎత్తు జడ, క్లిప్పులు, హెయిర్ పిన్నులు లేకుండా మెడ దగ్గర కిందికి ఒక జడ వేసుకుని, అలాగే హెల్మెట్ కొలత చూసుకోవాలి. తల విరబోసుకుని కొలత చూసి, జడ వేసుకుని జారితే లెక్క తప్పుతుంది.

అయిదు నిమిషాలు పెట్టుకునే ఉండండి. మొదట హాయిగా ఉన్నది కాసేపటికి ఒకచోట పోటు పెట్టవచ్చు. తలంతా సమానంగా పట్టినట్లుంటే మంచిది. నొప్పి పెట్టే హెల్మెట్‌ను మధ్యాహ్నానికి ఎవరైనా తీసి సంచిలో పెట్టేస్తారు. సౌకర్యం అనేది షోకు కోసం కాదు, హెల్మెట్ తల మీద నిలవడం కోసం. గాలి రంధ్రాలకు మూతలు ఉన్నవి దొరికితే మేలు. జారేటప్పుడు మూసుకుని, వాలు ఎక్కేటప్పుడు చెమట పడితే తెరుచుకోవచ్చు.

అద్దె హెల్మెట్

మనలో కొత్తది కొనగలిగేవారు తక్కువ. శిక్షణ సంస్థ ఇచ్చేదో, అద్దె దుకాణం ఇచ్చేదో పెట్టుకుంటాం. అది ఇంతకు ముందు ఎందరి తలల మీద పడిందో తెలియదు. అందుచేత తీసుకునే ముందు లోపలి మెత్తను పక్కకు తీసి తెల్లని పొరను వేలితో తడమండి. పగులు, చొట్ట, నొక్కుకుపోయి నున్నగా మెరిసే చోటు ఉంటే తిరిగి ఇచ్చేయండి. పెంకు పైన గీతలు ఉన్నా ఫరవాలేదు, చీలిక ఉండకూడదు. పెంకును రెండు చేతులతో మెల్లగా ఒత్తితే కిర్రుమంటే పొర ఊడిందని గుర్తు. పట్టీ కుట్లు, బకిల్ చూడండి. తయారైన తేదీ లోపల ఉంటుంది. మూడు నుంచి అయిదేళ్ళకు మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి. పెట్రోలు, థిన్నరుతో హెల్మెట్ తుడిచే దుకాణాలకు దూరంగా ఉండండి. థర్మాకోల్ మీద పెట్రోలు చుక్క పడితే ఎలా కరిగిపోతుందో మీరు చూసే ఉంటారు.

ఒకసారి గట్టిగా దెబ్బ తగిలితే ఈపీఎస్ హెల్మెట్ పని అయిపోయినట్లే. నలిగిన పొర మళ్ళీ పొంగదు. బయటికి కొత్తదానిలా ఉన్నా రెండో దెబ్బకు ఆ రెండు సెంటీమీటర్లు ఇక దొరకవు.

హెల్మెట్ ఉన్నా లేకున్నా తలకు దెబ్బ తగిలాక కొన్ని గంటల పాటు మనిషిని ఒంటరిగా వదలకూడదు. నటి నటాషా రిచర్డ్‌సన్ 2009 మార్చి 16న కెనడాలోని మాంట్ ట్రెంబ్లాంట్‌లో కొత్తవారు నేర్చుకునే చిన్న వాలు మీద పడ్డారు. హెల్మెట్ లేదు. లేచి, బాగానే ఉన్నానని నవ్వుతూ గదికి వెళ్ళారు. కొద్ది సేపటికి తలనొప్పి మొదలైంది. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరి రెండు రోజులకు మరణించారు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతి అయినా, మాట తడబడినా, మత్తుగా ఉన్నా, అడిగిందే మళ్ళీ అడుగుతున్నా వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి. శిబిరం నుంచి పంపించేస్తారేమోనని దాచిపెట్టవద్దు.

ఆ హెల్మెట్‌ను తిరిగి ఇచ్చేటప్పుడు దెబ్బ తగిలిందని దుకాణంవారికి, శిక్షకునికి చెప్పండి. డబ్బులు అడుగుతారేమోనని చెప్పకుండా గంపలో పడేసి వస్తే, మర్నాడు పొద్దున అది ఇంకొక కొత్త కుర్రవాడి చేతికి వెళుతుంది. వాడు దాని రంగు బాగుందని తీసుకుంటాడు.